చుట్ల లెక్క

జగదీశ్ మార్కెట్లో కరెంటు పోయి వచ్చిన మధ్యాహ్నం
జంగయ్య జేబులోంచి రుమాలు తీశాడు,
రుమాల్లోంచి ఫోను తీశాడు.
అద్దం నుజ్జు. తెర నల్లగా, అప్పుడే తారు పోసిన రోడ్డులా.
అడుగున ఎక్కడో ప్రాణం ఉంది:
మా ముందే అలారం మోగింది,
ఆపే దిక్కులేక అదే అలిసిపోయి ఊరుకుంది.

"కొత్తది కొనుక్కుంట సారూ, ఫోనుకు ఏడుస్తలేను.
లోపల నా వాల్వులున్నయి."

వాల్వులంటే
పార్సిగుట్ట, వారాసిగూడ గల్లీల్లో ఇనుప మూతల కింద
రోజు విడిచి రోజు ఆయన తిప్పే నీళ్ళ చక్రాలు.
ఏ మూత ఏ గల్లీది,
ఎన్ని చుట్లు తిప్పితే చివరింటికి ధార అందుతుంది,
ఎక్కడ ఒక్క చుట్టు ఎక్కువైతే పైపు పగులుతుంది,
పదకొండేళ్ళ లెక్క
ఫొటోలుగా, గొంతు ముక్కలుగా ఇందులో ఉందట.
ఒకటో తారీఖు నుంచి ఆయన్ని బోయినపల్లికి వేశారు.
వచ్చే పిల్లగాడికి అప్పజెప్పాలి.

మొదటి వైరు పెట్టాను.
ఫోను ఒక్కసారి వణికింది, కంప్యూటరు ఉలకలేదు.
కొన్ని వైర్లు అంతే,
అన్నం మోస్తాయి, కబురు మొయ్యవు.
రెండోది పెడితే టింగుమని పేరు పడింది.
పేరు మీద నొక్కితే ఖాళీ.
లోపల మనుషుల చప్పుడుంది, తలుపు తీసేవాళ్ళు లేరు.

ఈపాటికి ఫోను అడుగుతూ ఉంటుంది,
లోపలికి రానివ్వాలా అని,
ఆ చీకటి తెర మీద, ఎవరికీ కనపడని అక్షరాల్లో.
అవునని నొక్కే బొత్తం ఎక్కడో ఉంది.
దానికంటే ముందు, తొమ్మిది చుక్కల తాళం.

"గీత నేను గీస్త."
కళ్ళు మూసుకున్నాడు.
తెర ఎలాగూ చీకటే, అయినా మూసుకున్నాడు.
గాజు పెంకుల మీద బొటనవేలు నడిచింది,
మూత పక్కన బోర్లా పడుకొని
భుజందాకా చెయ్యి దించి
చక్రం అంచు తడుముకునేవాడిలా.
నేను నా ఫోను పక్కన పెట్టి చూపించాను:
కుడివైపు, ఇంకొంచెం కిందికి.
ఒకటి. రెండు. వేలి కొసన నెత్తుటి చుక్క.
మూడోసారికి
కంప్యూటర్లోకి ఫోల్డర్లు బిలబిలా దిగాయి.
"ప్రెషర్ వచ్చింది," అన్నాడు.

నకలు దిగడానికి గంట పడుతుంది.
అందాకా లోపలి కట్టడం చూపించాను.
గోరంత చిప్పు, అందులోనే గోడలు కట్టి పోర్షన్లు.
ఇది ఓనరు పోర్షన్,
కిటికీలోంచి చూడొచ్చు, మేకు కొట్టకూడదు.
ఇది పొద్దున్నే ఫోన్ని లేపే గది.
ఇది జబ్బు చేసినప్పుడు పడుకోబెట్టేది.
నువ్వు అద్దెకున్నది ఇదిగో, ఇదొక్కటే.
"కిరాయోడికి ఎన్కదే ఇస్తరు, యాడైనా," నవ్వాడు.

డబ్బా మీద అరవైనాలుగు అని రాసుంది.
నేను కూడితే నలభై తొమ్మిదే తేలింది.
మిగతాది ఎటు పోయిందో వెతకబోతే చెయ్యి అడ్డంపెట్టాడు.
"ట్యాంకు కాడ నూరు ఇడిస్తే గల్లీకి అర్వై వస్తది సారూ.
నడిమిట్ల దాన్ని ఎవ్వలడిగిన్రు?"

దిగిన వాటిలో అన్నిటికంటే పాతదాన్ని మోగించాను,
సరిగ్గా వచ్చిందో లేదోనని.
గరగర. నీళ్ళ హోరు. తర్వాత సన్నని గొంతు:
"పోచమ్మ గుడి ఎన్క గల్లీ. పద్నాలుగు చుట్లు.
పదమూడు కాడ పట్టేస్తది. భయపడకు."
ఎవరితో అంటున్నావని అడిగాను.
తారీఖు చూసి ఊరుకున్నాడు.
ఆ ఏడు కొత్తగా వచ్చిన పిల్లగాడు ఆయనే.

పెన్‌డ్రైవుని రుమాల్లో మూట కట్టాడు.
డబ్బులిచ్చి, మెట్టు దిగి, వెనక్కి తిరిగి
"మీ ఇల్లేడ?"
వారాసిగూడ, రేషన్ షాపు పక్క సందు.
ఫోను లేదు, కాయితం లేదు,
ఒక్క క్షణం కూడా ఆగలేదు.
"పదకొండు చుట్లు," అన్నాడు.