మద్రాసు బండి

ఎర్ర గీత దాకా తిప్పినా
దేవనహళ్ళి దాటేసరికి అదే చలిగాలి,
పగబట్టినట్టు నా వేళ్ళ మీదికే.

వెనక సీటు పీకేసిన చోట
పదకొండు మూటల చామంతులు, బుట్టెడు కనకాంబరాలు.
వాటికేం, హాయిగా ఉన్నాయి.

మార్కెట్లో బేరం ముగించి
తిరుగుదారిలో యలహంక, పిళ్ళప్ప షెడ్డు.
నీళ్ళు చూశాడు, నిండుగానే ఉన్నాయి.
థర్మోస్టాట్ విప్పి చూశాడు, బాగుంది.
బానెట్ కింద తల దూర్చి
చాలాసేపు మాట్లాడలేదు.
ఆ పైన నవ్వు.

"ఎవుర్దక్కా ఈ బండి?"
"మద్రాసు డాక్టరమ్మది. పోయిన ఆషాఢంలో కొన్నా."
"అదీ సంగతి! పోయే పైపు, వచ్చే పైపు
బయటే ఒకదానికొకటి తగిలించేసినారు.
ఆ ఊళ్ళో వేడి ఎవురికి కావాల?"

అంటే ఇన్నాళ్ళూ
కుతకుతలాడే నీళ్ళు
నా మోకాళ్ళకు జానెడు దూరం వచ్చి
గడప తొక్కకుండా మళ్ళిపోయాయి.

రెండు క్లిప్పులు, మూరెడు కొత్త గొట్టం,
బుడగలన్నీ పోయేదాకా ఇంజను గురగుర.
తొమ్మిది వందలన్నాడు. యాభై తగ్గించాడు.

మొదట కాలిన దుమ్ము వాసన.
తర్వాత, ఎవరిదో పాత పౌడరు వాసన.
తర్వాత వేడి.

మర్నాడు తెల్లారుజామున
చిక్కబళ్ళాపురం దాటుతూనే పెట్టుకున్నాను.
వేళ్ళు ఒక్కొక్కటే విచ్చుకున్నాయి.
అంతలో వెనకనుంచి
చామంతుల వాసన చిక్కబడింది.
వాడబోయే ముందు అట్లాగే వస్తుంది.

మీట నీలం వైపు తిప్పేసి
ఒక చెయ్యి తొడ కింద పెట్టుకుని
హెబ్బాళ దాకా తోలాను.