వంగి నడిచే చోటు

లెలు దీవిలో, కిరాణా కొట్టు వెనక,
ఇరవై అడుగుల నల్లరాతి గోడ.
గోడకు ఆనుకుని నోత్వే పందుల దొడ్డి,
ఆరేసిన దుప్పట్లు, తుప్పు పట్టిన పడవ ఇంజను.

టేపు ఒక కొస నా చేతిలో,
రెండో కొస ఆమె మనవడు కిలాఫ్వా చేతిలో.
వాడు చదువుతాడు, నేను రాసుకుంటాను.
మధ్యలో వాన. కాగితం మీద అంకెలు
ఉబ్బి, కాళ్ళు చాచి, పక్క గడిలోకి పోతాయి.

రాళ్ళు ఇక్కడివి కావు.
అవతలి పెద్ద దీవి కొండ కడుపులోంచి
తెప్పల మీద, పోటు కోసం కాచుకుని,
ఒక్కొక్కటే తెచ్చారట.
మునిగిన తెప్పలూ ఉన్నాయట.
ఆటుకి నీళ్ళు తీసినప్పుడు, మడ వేర్ల దాపున
గోడ దాకా రాని రాయి ఒకటి కనిపిస్తుంది.
పీతలు దాని కిందే కాపురం.

ఊళ్ళో ఎవరినడిగినా
"మాది దొరల వంశమే" అంటారు.
చేపలమ్మే ఆయనా, పాస్టరుగారూ,
అప్పు ఎగ్గొట్టి తిరిగే ఆ కుర్రాడు కూడా.
ఇంతమందీ దొరలే అయితే
ఈ గోడ తనంతట తానే
ఈదుకుంటూ వచ్చి ఉండాలి.

నోత్వే మాత్రం సీమపనసకాయని నిప్పుల మీద తిప్పుతూ
"మేం మోసినవాళ్ళం" అంది.
ఎలా తెలుసని అడిగాను.
మసి వేలితో తన భుజాలు చూపించింది.
ఒకటి రెండోదానికంటే వేలెడు కిందికి.

ఆమె గుమ్మం ముందు గుంటపడ్డ రుబ్బురాయి.
దొరల కోసం మత్తు వేరు దంచింది దాని మీదేనట.
ఇప్పుడు వాన నీళ్ళు. అందులో ఒక కోడి ముక్కు.

పడమటి వైపు గోడలో సందు.
ఒకప్పుడు ద్వారం. పైన అడ్డరాయి ఉండేదట,
దొర ముంగిట్లోకి ఎవరూ నిటారుగా రాకూడదని
అంత కిందికి పెట్టారట.
అది ఎప్పుడో పడిపోయింది,
ఇప్పుడక్కడ ఉన్నది ఆకాశమే.
అయినా నోత్వే, కుడితి బకెట్టుతో వెళ్తూ,
సరిగ్గా అక్కడికొచ్చేసరికి నడుం వంచింది.

"ఎవరికే దండం?" అన్నాడు కిలాఫ్వా.
"మోకాళ్ళకి. ఇప్పుడవే నాకు దొరలు."

వాడు పకపకా నవ్వి, పందిపిల్లని తరుముతూ
అదే సందులోంచి దూసుకుపోయాడు
తల ఎత్తుకుని, టేపుతో సహా.
నా చేతిలోంచి జారిన కొస
తడి రాళ్ళ మీద పాముచేపలా పోయింది.

ద్వారం ఎత్తు అన్న గడి
ఇంకా ఖాళీగానే ఉంది.