తొమ్మిది తూటాల లెక్క

ముమ్మిడివరం నుంచి తాళ్ళరేవుకి
ఎదుర్లంక వంతెన మీదుగా బస్సెక్కితే గంట లోపే.
నేను మాత్రం చీకటితో బయల్దేరి
ముక్తేశ్వరం రేవులో పంటు కోసం నిలబడ్డాను.
చంకలో సంచి, సంచిలో తువ్వాలు,
తువ్వాల్లో ముప్పై రెండు బోరు రివాల్వరు.
తూటాలు వేరే, బిళ్ళల డబ్బాలో.

వంతెన దాటితే యానాం.
అదే గోదారి, అదే మాట, పులస ధర కూడా అదే.
ప్రభుత్వం మాత్రం వేరు.
నా లైసెన్సు పుస్తకంలో ఎర్ర సిరాతో ఉంది
"ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం వరకు" అని.
చవక సీసా కోసం జనం దాటే గీత అది.
ఆ గీత తొక్కకుండా
మూడు బండ్లు మారి చుట్టు తిరుగుతున్నాను నేను,
ఈ వయసులో.

ఆయుధాల సెక్షన్లో ప్రభుదాసు ముందే చెప్పాడు:
"చట్టం ఢిల్లీది గుమాస్తా గారూ, సంతకం కలెక్టరుది,
తాళం ఎస్సైది.
మీదల్లా ఆ ఇనుమే."

కాకినాడలో పుట్టిన పుస్తకం
జిల్లా చీలాక అమలాపురం బీరువాకి కాపురం మారింది.
తొంభై ఒకటిలో మిల్లు డబ్బు బ్యాంకుకి మోసే రోజుల్లో
షావుకారే దగ్గరుండి ఇప్పించాడు.
ఒక్కసారీ పేల్చలేదు.
తీర్థానికి తీసుకెళ్ళకు, పెళ్ళికి తీసుకెళ్ళకు,
బడి గేటు దాటించకు.
ఎన్నికలొస్తే స్టేషన్లో అప్పజెప్పు, రసీదు తెచ్చుకో.
ఆ రసీదులన్నీ దాచాను.
తూకం వేస్తే రివాల్వరే తేలిపోతుంది.

అమ్ముతానని కాగితం పెట్టి నలభై ఐదు రోజులాగాను.
చెరువులో రొయ్యపిల్ల సగం ఎదిగే కాలం.
కొనేవాడి చెరువులూ అలాగే ఎదుగుతున్నాయట,
రాత్రిపూట వలలు పడుతున్నాయట.

పంటు కదిలింది.
పక్కన తాడి గీసే మనిషి, నడుముకి కత్తి.
దానికి పుస్తకం లేదు.
చేపల గంప ఆవిడ కాళ్ళ దగ్గర కత్తిపీట,
దానికీ లేదు.
"సంచి కింద పెట్టు బాబాయ్, ఎంతసేపు మోస్తావు?" అంది.
పర్లేదమ్మా అన్నాను.
ముప్పై ఏళ్ళుగా ఇదే జవాబు.

తాళ్ళరేవు స్టేషన్లో ఎస్సై కుర్రాడు
బల్ల మీద తూటాలు నిలబెట్టి లెక్కపెట్టాడు,
గోలీలాడే పిల్లాడిలా.
"పుస్తకంలో పది. ఇక్కడ తొమ్మిది.
ఒకటెక్కడ?"

కాలవలో పడిపోయిందని అప్పుడే అర్జీ పెట్టానండీ,
నకలు ఇదిగో.
అది అబద్ధం కాదు.
ఎవరు పడేశారన్న గడి ఆ ఫారంలో లేదు.

మిల్లు మూతపడ్డ ఏడాది,
అప్పుల చిట్టా నా సంతకాల మీదే నిలబడ్డ రాత్రి,
నేను వీధి అరుగు మీద ఊరికే కూర్చున్నాను.
వెంకటరత్నం ఏమీ అడగలేదు.
బీరువా తెరిచిన చప్పుడు,
తర్వాత కాలవగట్టు మీద చెప్పుల చప్పుడు.
తెల్లారి కాఫీ ఇస్తూ అంది:
"ఒకటి చాలుగా. ఆ ఒకటీ తీసేశాను."

బీరువాలో ఇంకా తొమ్మిదున్నాయి.
ఆ సంగతి ఆమెకీ తెలుసు, నాకూ తెలుసు.

ఆ రాత్రి గురించి నన్నెవరూ అడగలేదు,
షావుకారు గానీ, అన్నదమ్ములు గానీ.
ఇన్నేళ్ళకి ఒకటెక్కడ అని అడిగింది
ఈ కాగితమొక్కటే.

ఎస్సై నకలు చదివి, స్టాంపు గుద్ది, "సరే" అన్నాడు.
పెమ్మాడి ధర్మారావు సంతకం పెట్టి,
గొట్టంలోకి ఒంటి కన్నుతో చూసి
"పేలుద్దా అండీ?" అన్నాడు.
తెలీదన్నాను. నిజమే చెప్పాను.

తిరుగు దారిలో యానాం బస్సే ఎక్కాను.
ఎవడి రాష్ట్రమైతే నాకేం?
సంచిలో తువ్వాలు, అరటిపళ్ళు.
కండక్టరు "లగేజీ?" అంటే
చెయ్యి అలవాటుగా చంకలోకే పోయింది.

రత్నం అడగదు.
నేనే చెప్పాలి, తొమ్మిదీ అప్పజెప్పానని.
పదోది
నీ ఖాతాలోనే ఉంచానని.