మూడు క్రెడిట్ల పిట్ట

మామయ్య జిరాక్సు కొట్టులో కూర్చుంటే
పర్లాకిమిడిలో ఎవరి వేసవి ఎటు పోతోందో
నాకే ముందు తెలుస్తుంది.
ఐచ్ఛికం ఫారాలు, ప్రతికి రెండు రూపాయలు,
వేడివేడిగా నా చేతిలోంచే బయటికొస్తాయి.

"యోగా రాయవే, శవాసనానికే పదిహేను మార్కులు"
అంది మూడో ఏడాది సుమిత్ర.
పడుకున్నా హాజరు వేస్తారట.
"పుట్టగొడుగులు మేలు,
పండింది సారే వండించుకు తింటాడు,
తిన్నోడు ఎవర్నీ తప్పించడు." ఇది ఇంకొకడి మాట.
కొమ్ము బొమ్మల పేపరు ముందు
మహరాణాల అబ్బాయి ఒక్కడు ఆగి
"ఇంట్లో చేసేది కాలేజీలో కూడానా" అని నవ్వి
వ్యక్తిత్వ వికాసం దగ్గర టిక్కు కొట్టాడు.

అందరివీ తీసి తీసి, చివర నాది నింపాను.
నాకు కావాల్సింది ఒక్కటే:
ఎనిమిదింటికి కొట్టు తెరిచేలోగా అయిపోవాలి.
పదకొండో నంబరు. పక్షుల లెక్క. ఉదయం ఐదున్నర.
ఆఫీసు గుమాస్తా వనజాక్షిని
బొనొజాఖి చేసి ముద్ర గుద్దాడు.
పిట్టల్ని చూడ్డం కూడా చదువేనా, అని అమ్మ.
చూడ్డమే కదా, సులువే, అని నేను.

ముగ్గురమే తేలాం.
నేను, స్మృతిరేఖ పాఢి,
గుమ్మా కొండల నుంచి ఎలియా గమాంగో.
బెహరా సారికి ఒక టోపీ, ఒక దుర్భిణి,
అదీ ఎడమ కన్ను పనిచెయ్యనిది.

మొదటి వారం నాకు కనబడ్డవి
కాకులు, కాకులు, ఒక ప్లాస్టిక్ సంచీ.
సంచీని కొంగ అని రాశాను.
కదలకుండా కూర్చోడం ఇంత పనని
ఏ సీనియరూ చెప్పలేదు.
నేను పిట్టని చూసేలోగా
చీమలు నన్ను చూసేసేవి.

మహేంద్రతనయలో మే నెల నీళ్ళు
పరికిణీ తడవకుండా దాటేటంత.
గులకరాళ్ళలో ఎక్కడో గుడ్లు పెట్టుకుని
ఉత్తిత్తి పిట్ట మా మీద కేకలేసేది,
పాత బాకీదార్లం దొరికినట్టు.
ఈ గట్టున ఒకటి, అని రాసేలోగా
ఎగిరి ఆంధ్రా గట్టున వాలేది.
"సార్, ఇప్పుడిది మనదేనా?"
"చూసినప్పుడు ఎక్కడుంటే అక్కడిది" అన్నారాయన,
అన్నాక తనే కాసేపు
టోపీ తీసి తల గోక్కున్నారు.

కాగితంలో స్థానిక నామం అని ఒక గడి,
చిటికెనవేలి గోరంత.
నేను లకుముకి అంటే స్మృతి మాఛరంకా అంది.
నాకు జెముడుకాకి, తనకి కుంభాటువా.
ఎలియా తన మాటేదో అన్నాడు.
మళ్ళీ అడిగాను. మళ్ళీ అన్నాడు, మెల్లగా,
గొంతులో ఒకచోట ఆపి.
చెవికి అందింది గానీ
నాకొచ్చిన రెండు లిపుల్లో
ఏ అక్షరం మీదా కూర్చోలేదు.
కలం అతనికే ఇచ్చాను.
ఇంగ్లీషు అక్షరాల్లో రాశాడు, చూశాడు, కొట్టేశాడు,
మళ్ళీ రాశాడు.
గడి నిండి, అంచు నిండి
కాగితం వెనక్కి తిప్పుకున్నాం.

జూన్‌లో మార్కులొచ్చాయి.
యోగా వాళ్ళకి నిద్రంత సుఖంగా తొంభైలు.
నాకు అరవై రెండు.
గడి దాటి రాసినందుకు నాలుగు పోయాయట.
"చెప్పానా, ఏటే నీకీ పిట్టలు" అని
సుమిత్ర జాలిపడి, సోడా తాగించింది.

ఇప్పుడు సప్లిమెంటరీ ఫారాల రద్దీ.
మిట్టమధ్యాహ్నం, మిషను మూత ఎత్తి
ఎవరిదో కాగితం పెడుతుంటే
గోడౌను వెనక తుప్పల్లోంచి
ఊక్ ఊక్ ఊక్,
ఖాళీ బిందెలో మూతి పెట్టి ఎవరో పిలిచినట్టు.
నా చెయ్యి ఆగిపోయింది.
లైటు మాత్రం దాని దారిన అది పోయింది.
కాగితం వంకరగా, సగం నల్లగా వచ్చింది.

"ఏటిది?" అన్నాడు కుర్రాడు.
చెప్పబోయాను.
మూడు పేర్లలో ఏది ముందు అనాలో తోచక
ఇంకోటి తీసిచ్చాను.
పాడైన కాగితం తాలూకు రెండు రూపాయలు
మామయ్య పుస్తకంలో
నా ఖాతాలో రాసుకున్నాను.