తాడు

పుంతా అరెనాస్‌లో గాలి మనుషుల్ని ఎత్తి పడేసే రోజుల్లో
వీధి మూలల్లో తాళ్ళు కడతారు.

దానిత్సా, రొట్టెల పొయ్యి ముందు కూడా
నువ్వు చొక్కా చేతులు మడవకపోవడం
చూడనట్టే నటించాను. మూడు వారాలు.

ఇవాళ అడిగేశాను, నీళ్ళు కాగుతుండగా:
"చచ్చిపోవాలనిపిస్తోందా?"
"ఊఁ" అన్నావు.
కెటిల్ ఈల వేసింది. ఇద్దరమూ లేవలేదు.

ఎవరికీ చెప్పొద్దన్నావు.
ఆ ఒట్టు మాత్రం వెయ్యలేను.
నా మీద కోపంగా ఉండు, ఫరవాలేదు.
ఉండు.

ఆసుపత్రికి నాలుగు వీధులు.
కుడిచేతి తొడుగు నీకు, ఎడమది నాకు.
నువ్వు తాడు పట్టుకున్నావు,
నేను నీ కోటు అంచు.
నా టోపీ ఎగిరిపోయింది.
నువ్వు నవ్వావనుకున్నాను, గాలేమో.

నర్సు పేరడిగితే
నువ్వే చెప్పావు,
రెండోసారి కాస్త గట్టిగా.