ఖాళీ కాటా

చీటీ రాలేదు.
తెర మీద ఎర్రగీత: డిస్కులో జాగా లేదు.

ఆదోని యార్డు గేటు దాకా పత్తి బండ్లు.
కోసిగి ట్రాక్టరు కాటా మీదే నిలబడిపోయింది,
డ్రైవరు హారను మీద చెయ్యి తీయడు.
"ఏమ్మా మాబున్నీ, మిషనుకు గూడా అజీర్తినా?"

ఈ సీజనులో నాలుగు వేల బండ్లు తూచినదాన్ని,
ఈ డబ్బా కడుపులో ఉండేదీ నేనే తూచాల.

మొదటి అనుమానం సేటు కొడుకు మీద.
వాడు దింపుకున్న సినిమాలు మూడే. పాపం, చిన్నవే.
తరవాత నా మీద:
మా చెల్లి నిక్కా ఫోటోలు రెండు వందల పది,
అందులో సగం ఒకే నవ్వు.
తీసేసినా. చేటలో దుమ్ము ఊదినట్టే,
ఎర్రగీత కదల్లేదు.

ఒక్కో ఫోల్డరునూ పిలిచి నీ బరువెంతని అడుగుతూ
లోపలికి, ఇంకా లోపలికి పోతే
ఎవరూ తొంగిచూడని మూల ఒకటి దొరికింది.
రోజుకొక ఫైలు. ఒక్కొక్కటీ గోరంతే.
ఐదేండ్లవి, మందకు మంద,
డిస్కులో ముప్పావు వంతు మేసి పడుకున్నాయి.

తెరిస్తే సున్నాలు.

సెకనుకు పదిసార్లు
తన మీద ఏముందో కాటా రాసుకుంటా వచ్చింది.
రాత్రంతా ఏమీ లేదు, ఏమీ లేదు, ఏమీ లేదని రాసింది.
కరెంటు పోయిన రాత్రులే నోరు మూసుకుంది.
దూదేకుల ఇంట పుట్టినదాన్ని,
తేలికైనదే ఎక్కువ జాగా తింటుందని
నాకు ముందే తట్టాల్సింది.

అన్నీ పట్టి చెరిపేద్దామని వేలు పెట్టబోతే
సున్నాల నడుమ ఒక అంకె.
రాత్రి పదకొండూ ఇరవైకి అరవై కిలోలు.
తెల్లారి నాలుగు దాకా అదే అరవై.
నడుమ కాసేపు డెబ్బై ఐదు,
కుక్క వచ్చి పక్కన ముడుచుకున్నట్టుంది.
అది దసరా నాటి ఫైలు.
దీపావళికి యాభై ఐదు.
నిన్న రాత్రి, కుక్కతో కలిపి, అరవై ఐదు.

పగలంతా ఎండకు కాగిన ఇనుప పలక
చలిలో ఏ జాము దాకా వెచ్చగా ఉంటుందో
ఈ యార్డులో ఒక్క మనిషికే తెలుసు.

"ఉరుకుందప్పా!"
విజిలు నోట్లో పెట్టుకునే వచ్చినాడు.
"రాత్రిళ్లు కాటా మీద నిద్రపోతావా?"
"ఈరన్నసామి మీద ఆన, రెప్ప వాల్చను తల్లీ."
వెనకే నిలబడి కుక్క తోక ఊపింది.

ఫైళ్లన్నీ చెరిపినా, మూడు తప్ప.
కిర్రుమని చీటీ వచ్చింది, ట్రాక్టరు దిగిపోయింది.
హాలహర్వి లారీని చెయ్యెత్తి ఆపి
"నువ్వెక్కు" అన్నా.
"నేనేమన్నా పత్తి బోరెమా?"
అంటానే చెప్పులు విడిచి ఎక్కినాడు.
యాభై.

డిస్కులో పెరిగిందేదో గంటలో దొరికింది.
ఈ మనిషిలో తరిగింది ఏ మూల వెతకాల?

బండి నంబరు అడిగింది మిషను. ఖాళీగా వదిలేసి చీటీ తీసినా.
"ఇది పట్టుకొని రేపు పెద్దాస్పత్రికి పో."
మడిచి తలగుడ్డలో దోపుకున్నాడు.
"పత్తి అయిపోనీలేమ్మా" అని
విజిలు ఊదుకుంటా లారీకి ఎదురు పోయినాడు.

కాటా మళ్లీ సున్నాకు వచ్చింది.
అదీ రాసుకునే ఉంటుంది.