కుడివైపు కుర్చీ

రేపు ఎగ్మోరు మ్యూజియం థియేటర్‌లో
ఎబినేజరు గారి సింఫొనీ వాయిస్తారటగా.
టికెట్ దొరికితే కుడివైపు కూర్చో.
ఎందుకో తర్వాత చెప్తాను.

పెరంబూరు లోకో వర్క్స్‌లో బాయిలర్ షాపు ఆయనది.
పొద్దున సైరన్ నుంచి ఇనుము మీద ఇనుము.
పదిహేనేళ్ళకు ఎడమ చెవి రాజీనామా ఇచ్చింది,
మనిషి మాత్రం రిటైరయ్యేదాకా వెళ్ళొచ్చారు.
నర్సాపురం మిషన్ స్కూల్లో
ఒక దొరసాని తొక్కుడు హార్మోనియం మీద నేర్పిన నాలుగు కీర్తనలు,
వేళ్ళ మీద స్కేలు దెబ్బలు,
అదే ఆయన కాలేజీ.
మిగతాది మూర్ మార్కెట్‌లో తూకానికి కొన్న పుస్తకాలు.

రైల్వే క్వార్టర్స్ వంటింట్లో
కరుణమ్మ గారు పప్పు దించి పక్కన పెట్టాక
అదే బల్ల మీద స్కోరు పరిచేవారు.
ఇరవై రెండు వరసలు,
ఇరవై ఒకటో వరస మీద పులుసు మరక.
దాన్ని విడదీసి ఎవరి వరస వాళ్ళకు
నకలు రాసే పని నాది. పేజీకి ముప్పావలా.
పందొమ్మిదేళ్ళు నాకు. సంగీతం రాదు.
చుక్కలు వచ్చు, తోకలు వచ్చు,
ముగ్గు పెట్టిన చేయి కదా.

ట్రాంబోన్ అతని కాగితం మీద
ఒక లావుపాటి గీత, పైన నూట పన్నెండు అని అంకె.
అన్ని గదులు ఊరుకోవాలట.
పేజీ తొందరగా అయిపోయిందని సంబరపడ్డాను.
హాల్లో చూశాకే తెలిసింది
ఆ అంకె లోపల ఒక మనిషి కూర్చుని
వేళ్ళు మడుస్తున్నాడని.
మోగేవాళ్ళని ఎలాగూ వింటావు.
అప్పుడప్పుడూ అతన్ని చూడు.

మొదటి భాగంలో ఒక పాట వచ్చి పోతుంది.
లేచి వెతక్కు. ఇంటి పిల్లి లాంటిది,
అన్నం వేళకు వస్తుంది,
కాకపోతే చెవి కాస్త చిరిగి.

రెండో దాంట్లో డబుల్ బాసులు వేలితో మీటుతాయి,
ఒక్కొక్క చుక్క.
ప్రార్థన అన్నారు పాస్టరు గారు.
నాకు మాత్రం నీళ్ళ కరువు ఏట
అర్ధరాత్రి కొళాయి కింద మా బిందె.
ఆయన్నే అడిగాను.
"నిండిందా?" అన్నారు. అంతే.

మూడోది ఏడు దెబ్బలు, తకిట తకధిమి,
షాపులో సమ్మెట లెక్క.
మూడుకి అలవాటుపడ్డ వయొలిన్ల వాళ్ళు
రిహార్సల్లో నాలుగుసార్లు బోర్లాపడ్డారు.

భాగానికీ భాగానికీ మధ్య చప్పట్లు కొట్టకూడదంటారు.
ఆ రోజు ఇన్‌స్టిట్యూట్ హాల్లో
వెనక బెంచీల నుంచి బాయిలర్ షాపు వాళ్ళు కొట్టేశారు.
ముందు వరస తలలు చురుగ్గా తిరిగాయి.
ఆయనకు కుడి నుంచి వచ్చినవే వినపడ్డాయి,
అటే తిరిగి దణ్ణం పెట్టారు.
ఎడమవైపు వాళ్ళు చాలా రోజులు అలిగారు.

ఇప్పుడు కుర్చీ సంగతి.
ఎదురుగా నిలబడితే వయొలిన్లు ఎడమ.
ఆయనకు అందవు.
అందుకని కొత్తగా తోచిందంతా
కుడివైపు చెల్లోలకు, వయోలాలకు పంచేశారు.
వయొలిన్లకు ఇచ్చింది
చెవి పోకముందు విన్నది మాత్రమే.
అందుకేనేమో అవి
కాలవ గట్టు మీద చిన్నపిల్లల్లా
కాస్త పైనుంచి, కాస్త దూరం నుంచి వస్తాయి.
కుడివైపు కూర్చుంటే నీకూ అలాగే వస్తాయి.

ఒక మాట మర్చిపోయాను.
ఆఖరి స్వరం అయ్యాక ఇంకో గది ఉంది.
ఏమీ లేదు అందులో. పైన గొడుగులాంటి గుర్తు.
కాగితం దండగని నేను వదిలేశాను.
ఎర్ర పెన్సిల్‌తో అన్ని కాపీల్లోనూ ఆయనే గీశారు,
ముప్పావలా మాత్రం కోయలేదు.
ఆ గది అయ్యేదాకా లేవకు.
పాంథియన్ రోడ్డులో ఆటో ఎలాగూ దొరకదు.